సీజను కొలువులు: పక్షి పరిశోధనలో మళ్లీ వచ్చే మనిషి విలువ

పక్షుల పరిశోధనకు సంబంధించిన క్షేత్ర ఉద్యోగ ప్రకటనల్లో జీతం కన్నా ముందు తేదీలు కనిపిస్తాయి. మే మొదటి వారం నుంచి ఆగస్టు దాకా, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, లేదా గుడ్లు పెట్టింది మొదలు పిల్లలు ఎగిరేదాకా. ఆ తర్వాత షరతులు వరసగా వస్తాయి: తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, బరువు మోస్తూ కిలోమీటర్ల కొద్దీ నడవాలి, కూత విని పక్షిని పోల్చుకోగలగాలి, ఎండకూ దోమలకూ ఒంటరితనానికీ తట్టుకోవాలి. జీతం సంగతి ప్రకటన అడుగున ఉంటుంది. కొన్నిసార్లు అక్కడా ఉండదు, వసతి కల్పిస్తామన్న మాటతో సరిపెడతారు.

ఈ కొలువులు కొన్ని నెలలకే పరిమితం కావడానికి మొదటి కారణం పక్షే. గూడు కట్టే కాలం, వలస కాలం, శీతాకాలపు విడిది, ఈ మూడింటిలో ఏదో ఒకదానిలోనే పరిశోధకుడికి కావలసిన సమాచారం దొరుకుతుంది. ఉత్తర అమెరికాలో 1989లో మొదలై ఇప్పటికీ సాగుతున్న ‘మ్యాప్స్’ కార్యక్రమం దీనికి చక్కని ఉదాహరణ. కాలిఫోర్నియాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ బర్డ్ పాపులేషన్స్ నిర్వహించే ఈ కార్యక్రమంలో మే నుంచి ఆగస్టు ఆరంభం వరకు, ఒక్కో కేంద్రంలో పది రోజులకోసారి, సూర్యోదయం నుంచి దాదాపు ఆరు గంటలసేపు వలలు తెరుస్తారు. పన్నెండు మీటర్ల పొడవున, కంటికి ఆననంత సన్నటి దారంతో అల్లిన మిస్ట్ నెట్ వలలు అవి. చిక్కిన పక్షిని నొప్పి తగలకుండా విడిపించి, కాలికి సంఖ్య ఉన్న ఉంగరం తొడిగి, రెక్క కొలిచి, బరువు తూచి వదిలిపెట్టడం పని. ఈకల అరుగుదలను బట్టి అది ఈ ఏడు పుట్టిన పిల్లా, నిరుటి పక్షా అన్నది తేలుస్తారు. పొట్ట మీద ఈకలు రాలి నున్నటి చర్మం బయటపడి ఉంటే అది గుడ్లు పొదుగుతున్న పక్షి అని రాసుకుంటారు. ఈ లెక్కల నుంచే ఏటా ఎన్ని పిల్లలు దక్కాయి, పెద్ద పక్షుల్లో ఎన్ని మరుసటి ఏడాదికి బతికి తిరిగి వచ్చాయి అన్నది అంచనా కడతారు. పక్షుల సంఖ్య తగ్గిందని చెప్పడం వేరు, గూళ్లలో పిల్లలు చావడం వల్ల తగ్గిందా లేక వలస దారిలో పెద్దవి చావడం వల్ల తగ్గిందా అని చెప్పడం వేరు. రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే పక్షిని చేతిలోకి తీసుకోక తప్పదు, ఆ చేతికి తర్ఫీదు ఉండాలి.

ఔత్సాహికుల పరిశీలనలు ఇంత విస్తారంగా దొరుకుతున్న కాలంలో డబ్బిచ్చి మనుషులను పెట్టుకోవడం ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసి, వాటిలో 178 జాతులకు అత్యవసర రక్షణ కావాలని తేల్చింది. దానికి ప్రధాన ఆధారం పక్షి వీక్షకుల ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో దాదాపు ముప్పై వేల మంది నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలు. ఒక్క రూపాయి వేతనం లేకుండా పోగైన సంపద అది. అయితే ఆదివారం ఉదయం చెరువు గట్టుకు వెళ్లివచ్చే మనిషి ఏ జాతి ఎక్కడ ఉందో చెప్పగలడు గానీ, ఒక గూటిని నెల రోజులపాటు వరసగా చూడలేడు. తేలిగ్గా చేరుకోగల చోట్ల పరిశీలనలు కుప్పలుగా పడతాయి. రోడ్డు లేని చోట, పక్షి రాత్రి పూట మాత్రమే తిరిగే చోట ఖాళీలు మిగులుతాయి. సీజను ఉద్యోగి అవసరం సరిగ్గా ఆ ఖాళీల్లోనే ఉంది.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలవుతుంది. అమెరికా, కెనడాల్లో 1966 నుంచి నడుస్తున్న బ్రీడింగ్ బర్డ్ సర్వేలో పరిశీలకులు నిర్ణీత దారిలో యాభై చోట్ల ఆగి, ఒక్కో చోట మూడు నిమిషాలు పక్షులను లెక్కిస్తారు. ఉత్తర అమెరికా 1970 తర్వాత దాదాపు 300 కోట్ల పక్షులను, అంటే 29 శాతాన్ని కోల్పోయిందని 2019లో వెలువడిన అధ్యయనానికి ఈ సర్వే పెద్ద ఆధారం. ఆ సర్వే గణాంకాలను పరిశీలించిన వారికి 1990ల్లో ఒక విషయం బయటపడింది. ఏ పరిశీలకుడైనా ఒక దారిలో మొదటి ఏడాది లెక్కించే పక్షులు, అదే మనిషి అదే దారిలో తర్వాతి ఏళ్లలో లెక్కించే వాటికన్నా తక్కువగా ఉంటున్నాయి. పక్షులు పెరగలేదు, చెవి పదునెక్కింది. ఏ మలుపు దగ్గర ఏ పిట్ట కూస్తుందో రెండో ఏటికి తెలిసిపోతుంది. దీన్ని సవరించకుండా వదిలేస్తే లేని పెరుగుదల ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, విశ్లేషకులు పరిశీలకుడి మొదటి ఏడాదిని విడిగా లెక్కగట్టడం మొదలుపెట్టారు.

ఆ సర్వేలో పాల్గొనేవారు స్వచ్ఛందంగా వచ్చేవారు, చాలామంది ఏళ్ల తరబడి అదే దారిలో తిరిగేవారు. వారిలోనే ఇంత తేడా ఉంటే, ఏటా కొత్త ముఖాలతో నడిచే సీజను బృందాల సంగతి ఊహించవచ్చు. దుర్భిణి మారితే కొలత పెద్దగా మారదు, మనిషి మారితే మారుతుంది. క్షేత్ర పరిశోధనలో మనిషే కొలమానం. ఏటా కొలబద్ద మార్చే ప్రయోగశాలను ఎవరూ నమ్మరు. ఏటా మనిషిని మార్చే పరిశోధనకు మాత్రం నిధులు యథావిధిగా వస్తుంటాయి.

మనుషులు మారినా కొలత చెడకుండా చూసుకున్న చోట్లు లేకపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో తీరానికి ఆవల ఉన్న ఫారలాన్ దీవుల్లో 1968 నుంచి దశాబ్దాల పాటు పక్షి పరిశోధకులు ఏడాది పొడవునా కాపురమున్నారు. శిక్షణ కోసం వచ్చే యువకులు కొన్ని నెలలకోసారి మారిపోయేవారు. వారిని నడిపించే అనుభవజ్ఞుడు, రోజూ రాసే దినచర్య పుస్తకం, ఏ గూటిని ఎన్ని రోజులకోసారి చూడాలన్న మారని నియమం మాత్రం ఉండేవి. జ్ఞాపకాన్ని వ్యక్తి నుంచి సంస్థకు మార్చడం అంటే ఇదే. కాకపోతే ఇందుకు దశాబ్దాలు నిలబడే సంస్థ కావాలి, మూడేళ్ల ప్రాజెక్టులకు ఆ భాగ్యం ఉండదు.

సంరక్షణ కొలువుల్లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో పైపింగ్ ప్లవర్ అనే పక్షి ఉంది. మన తీరంలో తిరిగే ఉల్లంకుల లాంటిదే, పిడికిట్లో ఇమిడేంత చిన్నది, ఇసుక రంగులో కలిసిపోతుంది. ఇసుకలో చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది, దాదాపు నాలుగు వారాలు పొదుగుతుంది. పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే నడిచి తమ మేత తాము వెతుక్కుంటాయి గానీ, ఎగరడానికి ఇంకో నాలుగు వారాల దాకా పడుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే జనం వేసవి సెలవులకు సముద్రపు ఒడ్డుకు వస్తారు, కుక్కలను తెస్తారు, కొన్నిచోట్ల బళ్లు తోలతారు. 1986లో ఈ పక్షిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చేనాటికి మసాచుసెట్స్ రాష్ట్రంలో 150 జతలు కూడా లేవు. ఇటీవలి లెక్కల్లో ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఈ పెరుగుదల వెనుక చట్టం ఉంది, చట్టాన్ని ఇసుక మీద అమలుచేసిన సీజను ఉద్యోగులూ ఉన్నారు. మార్చి నెలాఖరులో పక్షులు రాగానే కర్రలు పాతి తాడు కట్టడం, గూటి చుట్టూ నక్కలు దూరకుండా పంజరం అమర్చడం, పిల్లలు ఎటు నడిస్తే అటు హద్దులు జరపడం వారి పని. అన్నిటికన్నా కష్టమైనది, తన ఒడ్డును ఎందుకు మూశారని కోపంగా అడిగే మనిషికి శాంతంగా జవాబు చెప్పడం. నిరుడు అదే ఒడ్డున అదే మనిషితో మాట్లాడి ఉన్నవారికి ఆ పని సగం తేలిక.

అయినా ఆ ఉద్యోగిని మళ్లీ రప్పించే ఏర్పాటు బలహీనం. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సంస్థల్లో ఏటా మళ్లీ తీసుకోదగిన తాత్కాలిక సీజను ఉద్యోగికి 1,040 పని గంటల హద్దు ఉంది. సంవత్సరానికి 2,080 పని గంటలన్న లెక్కలో అది సరిగ్గా సగం. అందుకే ఈ కొలువులను అక్కడివారు ‘పది ముప్పై తొమ్మిది’ అని పిలుచుకుంటారు: హద్దుకు ఒక్క గంట తక్కువ. ఆ గీత దాటితే శాశ్వత ఉద్యోగానికి దగ్గరైన మరో నియామక పద్ధతి కావాలి. 2025 జనవరిలో ఫెడరల్ నియామకాలను నిలిపివేసినప్పుడు, అప్పటికే ఎంపికైన సీజను ఉద్యోగులకు ఇచ్చిన హామీలను కూడా ఉపసంహరించారు. నేషనల్ పార్క్ సర్వీసు సీజను ఉద్యోగాలకు తర్వాత మినహాయింపు వచ్చింది. మినహాయింపు వచ్చేలోగా చాలామంది వేరే దారి చూసుకుని ఉంటారు. పక్షులు మాత్రం మార్చిలో వచ్చేస్తాయి.

జీతం లేని కొలువుల సంగతి వేరే. అనుభవం కోసం ఉచితంగా పనిచేయమనడం ఈ రంగంలో చాలాకాలం మామూలు విషయంగా చలామణి అయింది, కొన్నిచోట్ల అభ్యర్థే ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చేది. 2015లో వైల్డ్‌లైఫ్ సొసైటీ బులెటిన్‌లో ఇద్దరు పరిశోధకులు ఈ పద్ధతిని సూటిగా విమర్శించారు. కొన్ని నెలలు సంపాదన లేకుండా గడపగలిగిన కుటుంబాల పిల్లలే ఈ రంగంలోకి రాగలుగుతారని, తక్కినవారు గుమ్మం దగ్గరే ఆగిపోతారని వారి వాదన. దానికి ఇంకొకటి చేర్చుకోవాలి. ఉచితంగా పనిచేసినవారు రెండో ఏడాది రారు, రావలసిన అవసరం వారికి ఉండదు. యోగ్యతా పత్రం చేతికి అందింది, మెట్టు ఎక్కారు. అంటే జీతం ఎగ్గొట్టి ఆదా చేసిన డబ్బును పరిశోధన మొదటి ఏడాది పొరపాట్ల రూపంలో తిరిగి చెల్లిస్తూనే ఉంటుంది.

భారతదేశంలో ఈ వ్యవస్థ ఆకారం వేరుగా ఉంటుంది. 1883లో స్థాపించిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరిట ఏర్పడిన కేంద్రం వంటివి ప్రాజెక్టు కాలానికి పరిమితమైన పోస్టులు ఇస్తాయి. జూనియర్ రిసెర్చ్ ఫెలో, ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ అసిస్టెంట్ అన్న మెట్లు ఉంటాయి. ఆ మెట్లకు కింద, తరచు ఏ జాబితాలోనూ కనబడకుండా, రోజు కూలి మీద అడవిలో జాడలు తీసే స్థానిక ట్రాకరు ఉంటాడు. కాగితం మీద అందరికన్నా కింద ఉన్న ఆ మనిషికే అడవి అందరికన్నా ఎక్కువ తెలుసు. ఫెలోలు మూడేళ్లకు వెళ్లిపోతారు, అతను ఊళ్లోనే ఉంటాడు.

మన దేశపు పక్షి ఉంగరాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. సలీం అలీ నాయకత్వంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో మొదలైన వలస పక్షుల అధ్యయనంలో బీహారుకు చెందిన మీర్‌షికార్లు కీలకమయ్యారు. తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకుని బతికిన వారు అవే ఉచ్చులతో, అవే వలలతో తమిళనాడులోని కోడియక్కరై వంటి చోట్ల పక్షులను గాయం కాకుండా పట్టి ఇచ్చారు. శాస్త్రవేత్తలు ఉంగరాలు తొడిగి వదిలారు. ఈక చెదరకుండా ఉల్లంకిని పట్టే విద్య ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. ఆ విద్య ఉన్నవారిని ‘సహాయకులు’ అనడం కేవలం వేతన పట్టిక భాష.

కడప జిల్లా లంకమల అడవుల్లో దొరికిన కలివి కోడి కథ తెలుగువారికి తెలిసిందే గానీ, దాన్ని ఉద్యోగాల కోణం నుంచి చూడటం అరుదు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షిని 1986 జనవరిలో రాత్రి పూట ప్రాణాలతో పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున గాలిస్తున్న భరత్ భూషణ్ ఊరివాళ్లను అడుగుతూ తిరగడం వల్లనే ఆ కబురు శాస్త్రానికి చేరింది. అందులో ఒకరి ప్రశ్న ఉంది, మరొకరి జవాబు ఉంది. ప్రశ్నకు ఫెలోషిప్పు ఉంటుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పొదల మధ్య నేలను చదునుచేసి, మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక దాని మీద పడిన అడుగులను చదివే పద్ధతిని వాడారు. కలివి కోడి అడుగునూ తీతువు అడుగునూ వేరుచేయడం ఒక్క ఉదయంలో అబ్బే పని కాదు. తెలుగుగంగ కాలువ దారిని ఈ పక్షి ఉనికి కోసం మార్చవలసి వచ్చినప్పుడు, పక్షి ఎక్కడ తిరుగుతోందన్న వాదనకు ఇటువంటి అధ్యయనాలే బలమయ్యాయి. కోట్ల రూపాయల కాలువ దారిని నిర్ణయించిన వాదనలో మట్టి చదునుచేసి అడుగులు చదివిన మనుషుల పనికీ భాగం ఉందన్నమాట.

స్థానికుడిని ఏటా తిరిగి పిలిచే ఏర్పాటుగా చూస్తే, మన దేశంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే పులుల అభయారణ్యం పక్కన జరుగుతున్న పని అన్నిటికన్నా ఆలోచించి కట్టినదిగా కనిపిస్తుంది. అక్కడ హార్న్‌బిల్ పక్షులు పెద్ద చెట్ల తొర్రల్లో గూడు పెడతాయి. ఆడపక్షి తొర్రలోకి వెళ్లి, సన్నని చీలిక మాత్రం మిగిల్చి ద్వారాన్ని మూసేసుకుంటుంది. నెలల తరబడి మగపక్షి ఆ చీలికలోంచి పండ్లు అందిస్తుంది. బయట మగపక్షిని ఎవరైనా కొడితే లోపలున్న కుటుంబం మొత్తం ఆపదలో పడుతుంది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, అక్కడి గ్రామ పెద్దలతో ఏర్పడిన ఘోరా ఆభే సంఘం, అటవీ శాఖ కలిసి 2011-12 ప్రాంతంలో గూళ్ల దత్తత కార్యక్రమం మొదలుపెట్టాయి. దేశంలో ఎక్కడో ఉన్నవారు ఒక గూటిని దత్తత తీసుకుని విరాళమిస్తారు; దానితో నిషీ తెగకు చెందిన గూటి కాపరులకు వేతనం ఇస్తారు. కాపరుల్లో ఒకప్పుడు వేటాడినవారూ ఉన్నారు. హార్న్‌బిల్ ముక్కు నిషీల సంప్రదాయ టోపీకి అలంకారం. అసలు ముక్కుకు బదులు ఫైబర్ ముక్కులు వాడుకలోకి తేవడం కూడా ఆ ప్రాంతపు సంరక్షణలో ఒక భాగం.

గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. హార్న్‌బిల్ అనువైన తొర్రను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. అటువంటి చోట నిరుడు ఏ చెట్టు, మునుపటేడు ఏ చెట్టు అని గుర్తున్న మనిషే కావాలి. పక్షి తిరిగి వచ్చే చోటికి మనిషినీ తిరిగి రప్పించారు కాబట్టే, సీజను పని అయినా అది ఏటా మొదటికి రాదు. మరి సీజను కాని నెలల్లో ఆ ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్న అక్కడ కూడా పూర్తిగా తీరిందని అనలేం. కానీ ఊళ్లో పొలమూ ఇల్లూ ఉన్న మనిషికి ఆరు నెలల జీతం పక్క ఆదాయం అవుతుంది. నగరం నుంచి వచ్చిన పట్టభద్రుడికి అదే ఆరు నెలల జీతం ఆరు నెలల నిరుద్యోగానికి నాంది. ఒకే కాలపరిమితి ఇద్దరి మీద ఒకేలా పడదన్న సంగతిని ఉద్యోగ ప్రకటనలు పట్టించుకోవు.

నిధుల క్యాలెండరు ఇక్కడ మరో చిక్కు తెస్తుంది. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. పాత నిధుల లెక్కలు అప్పజెప్పి కొత్త విడత అందుకునే వేసవి నెలల్లోనే దేశంలో చాలా నేల పక్షులు, అడవి పక్షులు గూళ్లు పెడతాయి. హార్న్‌బిల్ తొర్రలో మూసుకునేది ఆ రోజుల్లోనే. డబ్బు నిండుగా ఉండి, ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందన్న తొందర ఉండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. క్షేత్ర పరికరాలు ఎక్కువగా ఏ నెలలో కొంటారో, క్షేత్ర ఉద్యోగులు ఏ నెలలో జీతం కోసం ఎదురుచూస్తారో ఈ రంగంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు నేల మీద తేదీలతో కూడిన ఒప్పందమే సరిపడదు. సమశీతోష్ణ దేశాల్లో పగటి పొడవు పక్షికి గంట కొడుతుంది, కాబట్టి మే ఒకటిన ఉద్యోగం మొదలని రాయడానికి అర్థముంది. తిరుపతి జిల్లా నేలపట్టులో గంట కొట్టేది వాన. ఈశాన్య రుతుపవనాలు పడి చెరువు నిండి, నీటి కణప చెట్లు మొదళ్ల దాకా మునిగితేనే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లకు దిగుతాయి. సాధారణంగా అది అక్టోబరు తర్వాత మొదలై మార్చి దాకా సాగుతుంది. వాన ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యమవుతాయి, చెరువు నిండకపోతే అసలు దిగకపోవచ్చు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీదా కొంగలను, గూడబాతులను చూస్తూ బతికే ఊళ్లవారికి ఇది కొత్త సంగతి కాదు. అక్కడ కాపలా మనిషిని తేదీతో కాక నీటి మట్టంతో పనిలో పెట్టుకోవాలి, చివరి పిల్ల ఎగిరాకే లెక్క మూయాలి. ఖజానా నియమాల్లో అటువంటి గడికి చోటు లేదు. వాన డిసెంబరులో పడిన ఏడాది, మార్చి 31న హాజరు పట్టీ మూసే సమయానికి, కణప కొమ్మల మీద గూడబాతు పిల్లలకు రెక్కల ఈకలు ఇంకా పూర్తిగా వచ్చి ఉండవు.